సూదిని మాత్రం కదపలేదు

నిన్న పొలంలో మోటారు వేస్తే నీళ్లు రాలేదు. సక్షన్ పైపు పగులులోంచి స్స్‌మని గాలి పీల్చుకునే చప్పుడు ఒక్కటే వచ్చింది. ఆ చప్పుడు నన్ను మళ్లీ సుశీలక్క కారులో కూచోబెట్టింది.

సుశీలక్కది సిరొంచలో మా పక్క పొలం. తమ్ముడు నాగపూర్ నుంచి తెచ్చి వదిలేసిన పాత కారును తనే నడిపేది. దాని ఇంజన్‌లోకి గాలిని దట్టించే సూపర్‌చార్జర్ ఉండేది. ఆ గాలి సంగతి చెప్పే గుండ్రటి మీటరు స్టీరింగ్ పక్కనే ఉండేది. సూది సున్నాకు ఎడమన ఉంటే ఏదో చెడిందనుకునేవాణ్ణి.

"పంపు జూడలేదారా? ఒక దిక్కు సక్షన్, ఇంకో దిక్కు డెలివరీ" అని నవ్వింది అక్క. "యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే ఇంజన్ గాలి గుంజుతది, సూది ఎడమకు. గట్టిగ తొక్కితే సూపర్‌చార్జర్ గాలి నూకుతది, కుడికి. రెండూ మంచియే. ఎప్పుడు ఎక్కడుండాల్నో గదే సంగతి."

ఒకసారి జింగనూర్ దారిలో గుట్ట ఎక్కుతున్నాం. సూది కుడికి. నేను గొడుగుతో చిరుతను తరిమిన వైనం ఎత్తుకున్నాను. దిగుడు మొదలవగానే అక్క కాలు తీసింది.

"గప్పుడు ఆ చిరుత నాకు దండం వెట్టి..."

"నోరు మూస్తవా జర!"

ఎడమకు దిగాల్సిన సూది సున్నా దగ్గరే వేలాడుతోంది. "గాలి యాడ్నో లీకైతుందిరా. బ్రేకుకు బలమిచ్చేది గా గుంజుడే" అంటూ బ్రేకు తొక్కింది. పెడలు బండరాయిలా బిగుసుకుంది. ఎదురుగా వాగు.

చిరుత కథ వదిలేసి నేను రెండు చేతులతో డ్యాష్‌బోర్డు పట్టుకున్నాను. అక్క గేర్లు తగ్గిస్తూ, బ్రేకు మీద లేచి నిలబడ్డంత బరువు వేసి, హ్యాండ్‌బ్రేకు గుంజింది. ముందు చక్రాలు నీళ్లలో దిగి ఆగాయి. నా చేతులు నాకున్నాయో లేవో చూసుకున్నాను.

బానెట్ ఎత్తితే, ఇంజన్ నుంచి బ్రేకుకు పోయే రబ్బరు గొట్టం ఊడి స్స్‌మంటోంది. ఎక్కుడులో నూకిన గాలే దాన్ని ఊడగొట్టింది. అక్క గొట్టం తొడిగి, పొలంలో సక్షన్ పైపుకు చుట్టినట్టే సైకిల్ ట్యూబు ముక్క బిగించి చుట్టింది. స్టార్ట్ చేస్తే సూది ఎడమకు దిగి కుదురుగా నిలిచింది. అప్పుడు గాని అక్క సీటుకు వెనక్కి ఆనుకోలేదు.

"ఇగ ఊరంత చెప్తవు గదా?"

"చెప్తనక్కా."

"చిరుతను ఏనుగు జెయ్, వాగును గోదారి జెయ్. సూదిని మాత్రం ఉన్నకాడనే ఉంచు. విన్నోళ్లల్ల ఎవలో ఒకలు బండి నడుపుతరు."

అక్క ఇప్పుడు లేదు. నిన్న పైపుకు ట్యూబు చుట్టి, నాట్లేసేవాళ్లకు ఆ కథ మళ్లీ చెప్పాను. వాగు ఏనాడో ప్రాణహిత నది అయిపోయింది, ఈసారి రెండు మొసళ్లూ వచ్చి చేరాయి. సూది మాత్రం సున్నా దగ్గరే ఉంది.