కెమెరాకు తూర్పు తెలియదు

కింద దుకాణంలో పలకలు కడుగుతున్నారు. తడిసిన పలక వాసన మెట్లెక్కి నా గదిలోకి వస్తే సుగుణక్క వచ్చినట్టే ఉంటుంది. మార్కాపురంలో తరతరాలుగా పలకలు అమ్మిన ఇంటి ఆడపడుచు ఆమె. పలక పట్టే పిల్లలు తగ్గి ఫోన్లు పట్టే పిల్లలు పెరిగారని గమనించి, దుకాణం పైన గోదాములో కంప్యూటర్లు పెట్టి ఫోన్ ఆటలు చేయించడం మొదలుపెట్టింది. నన్ను పనిలోకి తీసుకున్నది నా చదువు చూసి కాదు. మా యర్రగొండపాలెం ఎండకు గుడ్లు గూట్లోనే ఉడుకుతాయని, మా కోడి వాటిమీద ఉప్పు చల్లుకుని మరీ పొదుగుతుందని నేను బస్సులో చెబుతుంటే ముందు సీట్లో కూర్చుని విన్నది. ఆటలకు కథలు కావాలని రమ్మంది. వచ్చాక, నలభై దాటిన వాడికి కోడ్ రాయడం కూడా నేర్పింది.

మా మొదటి ఆట గొర్రెల కాపరిది. చీకటి పడ్డ నల్లమలలో తప్పిపోయిన గొర్రెలను వెదికి దొడ్డికి తోలుకురావాలి. ఆటలో కెమెరా అంటే ఆడేవాడి కన్నే. అతని ముందు లాంతరు వెలగాలి. ఆ లాంతరు పెట్టే పని నాది. మా ఇంట్లో కుడి ఎడమలు లేవు, అన్నీ దిక్కులే. అన్నం తినేటప్పుడు కూడా మా నాయన చెంబును కాస్త ఉత్తరానికి జరపమనేవాడు. అదే అలవాటున నేను లాంతరును కెమెరాకు రెండు మూరలు తూర్పుగా పెట్టేశాను. కాపరి తూర్పుకు నడిచినంతసేపు దారి పండుగలా వెలిగింది. పడమటికి తిరిగాడో లేదో, వెలుగు వీపు వెనక, ముందంతా చీకటి.

సుగుణక్క తిట్టలేదు. కిందినుంచి ఒక పలక తెప్పించి, నా రెండు చేతుల్లో పెట్టి, భుజాలు పట్టుకుని నన్ను గిర్రున వెనక్కి తిప్పింది.

"ఇప్పుడు పలక యాడుంది?"

"నా ముందరే అక్కా."

"తూర్పు?"

"వీపు వెనక్కి పోయింది."

"కెమెరాకు తూర్పు తెలవదు తమ్ముడూ. ముందు అది ఎటు చూస్తా ఉందో అడుగు. ఆ పక్కకు రెండు మూరలు పోయి లాంతరు పెట్టు. అది తిరిగినప్పుడల్లా మళ్లీ అడుగు."

కొత్త విద్య వచ్చిందన్న సంబరంలో నేను గొర్రెలను కూడా అట్లాగే, చూపు ఎటు తిరిగితే అటు తిరిగేలా పెట్టేశాను. బడులకు ఆటలు కొనిచ్చే పెద్దమనిషి ఒంగోలు నుంచి చూడటానికి వచ్చాడు. ఆయనకు నచ్చకపోతే ఆ గది మళ్లీ గోదాము అయిపోతుంది. కింద దుకాణం చూసుకునే సుగుణక్క వాళ్లన్న అప్పటికే బస్తాలు ఎక్కడ వేయాలో చూసుకుపోయాడు. లాంతరు బుద్ధిగా వెలిగింది. అంతలో ఆ పెద్దమనిషి చుక్కలు చూద్దామని ఆటలో తల పైకెత్తాడు. గొర్రెలన్నీ మేత మేస్తూనే ఆకాశంలోకి లేచాయి. వాన వాసన తగిలితే నల్లమల గొర్రెలు ఇట్లాగే ఎగురుతాయని నేను అందుకోబోయాను. సుగుణక్క నా భుజం నొక్కింది. తప్పు మాదేనని, భోంచేసి వస్తే గొర్రెలు నేలమీద ఉంటాయని ఆయనకు చెప్పి పంపింది.

తర్వాత నా పక్కన కుర్చీ లాక్కుంది. "లాంతరు చేతిలోది, చూపుతోపాటు తిరగాల. గొర్రె నేలది. పుట్టించేటప్పుడు ఒక్కసారి కెమెరాను అడుగు, ఆ చూపులో పైకీ కిందికీ ఉండేది తీసేసి, నేలబారుగా ముందుకు పోయి దించు. ఇంక దాన్ని నేలకు వదిలెయ్."

పెద్దమనిషి తాంబూలం నములుతూ వచ్చి ఆటలో మళ్లీ తల ఎత్తాడు. చుక్కలే ఉన్నాయి. దించాడు. గొర్రెలు మేస్తున్నాయి. ఆట తీసుకుంటానన్నాడు గానీ, ముఖం కాస్త చిన్నబోయింది.

"ఒక్కటన్నా ఎగిరేది పెట్టకూడదా?"

సుగుణక్క నావైపు చూసి నవ్వింది. "ఆ ఒక్కటీ నీది తమ్ముడూ. పెట్టు."

ఆమె ఇప్పుడు గిద్దలూరులో కూతురి దగ్గర ఉంటూ, అక్కడి పిల్లలకు ఇదే పని నేర్పుతోంది. ఆ గది మళ్లీ గోదాము కాలేదు, నేనిందులోనే కూర్చుని ఉన్నాను. బస్సులో కథ ఎత్తుకునే ముందు, వినేవాడు ఎటు చూస్తున్నాడో చూస్తాను. అతనికి రెండు మూరల ముందు మా కోడిని దించుతాను. ఉప్పు తర్వాత.

మా నాయన చెంబును ఇప్పటికీ ఉత్తరానికే జరపమంటాడు. నేను లేచి ఆయన పక్కన కూర్చుంటాను. ఆయన చూస్తున్న వైపు చూసి, అప్పుడు జరుపుతాను.