ఎలిజిబిలిటీ ఫారం మీద నా సంతకం

ఆదోనిలో ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో ఆటలు నేర్పడం నా ఉద్యోగం. ఫిజికల్ డైరెక్టర్‌ని కాబట్టి పిల్లలు పీడీ మేడం అంటారు. ఇరవై ఏళ్ళు దాటింది ఆ పిలుపు వినబట్టి. ఇన్నేళ్ళలో మా ఫుట్‌బాల్ జట్టు కాలేజీల పోటీల్లో ఒక్కసారే గెలిచింది. ఆ గెలుపు ఇప్పుడు రికార్డుల్లో లేదు. లేకుండా చేసింది నేనే.

ఆ ఏడు మాకు మంచి గోల్‌కీపర్ దొరికింది. కోసిగి దగ్గర పల్లె పిల్ల. వాళ్ళ ఇంటిల్లిపాదీ ఏటా సుగ్గికి పోతారు. సుగ్గి అంటే మా వైపు వలస. గుంటూరు దిక్కున మిరపకాయలు కోయడానికి ఇళ్ళకు తాళాలు వేసుకుని పోతారు. డిగ్రీ మొదటి ఏడాది ఆ పిల్ల కూడా వాళ్ళమ్మ వెంట పోయింది. తిరిగొచ్చేసరికి హాజరు చాలలేదని పరీక్షకు కూర్చోనివ్వలేదు, కాలేజీ రోల్సులోంచి పేరు తీసేశారు. మళ్ళీ చేర్చుకోమని నేనే దరఖాస్తు పెట్టించాను. దాని మీద పైనుంచి ఉత్తర్వు రావాలి. వారం, పది రోజులు అంటూ మూడు నెలలు గడిపారు. ఆ మూడు నెలలూ ఆమె సాయంత్రమయ్యేసరికి గ్రౌండులో ఉండేది. మా గ్రౌండులో గడ్డి లేదు, గట్టి నేల. పడినప్పుడల్లా మోచేతులు చెక్కుకుపోయేవి. మరుసటి రోజు వాటికి పసుపు పెట్టుకుని వచ్చి మళ్ళీ పడేది.

పోటీలకు ముందు ఎలిజిబిలిటీ ఫారం పంపాలి. ఆడబోయే ప్రతి అమ్మాయీ ఈ ఏడాది మా కాలేజీలో చదువుతోంది అని పీడీ, ప్రిన్సిపాల్ సంతకం చేసే కాగితం అది. ఆమె పేరుకు ఎదురుగా మొదటి సంవత్సరం అని రాశాను. ఉత్తర్వు ఎలాగూ వస్తుంది, నాలుగు రోజులు ముందు రాస్తే ఏమవుతుంది అనుకున్నాను. ప్రిన్సిపాల్ గారు నా సంతకం ఉందా అని చూసి తన సంతకం పెట్టారు. నేను ఇచ్చిన కాగితం ఆయన ఏనాడూ చదవలేదు, అంత నమ్మకం.

పోటీలు ఎమ్మిగనూరులో జరిగాయి. ఫైనల్లో ఆ ఊరి కాలేజీ జట్టే మాకు ఎదురు. ఆట ముగిసేసరికి చెరొక గోలు. పెనాల్టీ కిక్కుల్లో మా పిల్ల రెండు ఆపింది. రెండోదానికి కుడివైపు దూకి వేళ్ళ కొసలతో బంతిని బయటికి నెట్టింది. జట్టంతా వెళ్ళి ఆమె మీద పడింది. నేను కుర్చీలోంచి లేవలేదు. సంతోషం లేక కాదు, అప్పుడే ఆ ఫారం గుర్తొచ్చింది.

మూడో రోజు ఎమ్మిగనూరు పీడీ ఫోన్ చేశాడు. ఎన్నో పోటీలు కలిసి నడిపినవాళ్ళం. నేను ఆయన్ని అన్నా అంటాను.

"మేడం, మా జట్టులో ఒక పాపది మీ గోల్‌కీపర్ వాళ్ళ పక్కూరు. ఆ యమ్మి పేరు కాలేజీలో తీసేసినారు గదా సార్, ఎట్ల ఆడింది అని అడుగుతాంది."

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"కాగితాలేమీ అడగను మేడం. ఆ పాప రోల్సులో ఉంది అని మీరొక్క మాట సెప్పండి, సాలు. మా పిల్లోళ్ళకు నేను సర్దిసెప్పుకుంటాను."

ఫారం మీద రాసినప్పుడు చెయ్యి తడబడలేదు. ఆయనతో ఆ అబద్ధం చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

"లేదన్నా. ఇంకా ఉత్తర్వు రాలేదు."



"ఉంది అనింటే బాగుండు గదా మేడం. ఇప్పుడు నేను పైకి కంప్లైంటు రాయకుండా ఎట్ల ఉండేది?"

"రాయన్నా. నేనేమీ అనుకోను."

పోటీల కమిటీ వాళ్ళు ముగ్గురు విచారణకు కూర్చున్నారు. సంతకం మీదేనా అని అడిగారు, నాదే అన్నాను. తెలిసే చేశారా అన్నారు, తెలిసే అన్నాను. సుగ్గి సంగతి, దరఖాస్తు సంగతి అన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళాను. దాన్ని సంచిలోంచి తీయనేలేదు. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు, ఒకాయన నాకు మంచినీళ్ళు తెప్పించాడు. ఎవరైనా కసిరి ఉంటే నయమనిపించింది.

శిక్ష కాగితం కాలేజీకి వచ్చింది. గెలుపు రద్దు. కప్పు ఎమ్మిగనూరు జట్టుకు అప్పగించాలి. వచ్చే ఏడాది మా కాలేజీ ఫుట్‌బాల్ ఆడకూడదు. రెండేళ్ళు నేను ఏ జట్టు వెంటా పోకూడదు. నా మీద వేసింది నాకు బరువనిపించలేదు. పిల్లల మీద వేసింది చదువుతుంటే కళ్ళు ముందుకు పోలేదు. ప్రిన్సిపాల్ గారు "సరే, పోండి మేడం" అన్నారు. ఆ తరువాత నుంచి నేనిచ్చిన ప్రతి కాగితమూ పై నుంచి కింది దాకా చదివేవారు.

పిల్లల్ని గ్రౌండు మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పాను. మా కెప్టెన్‌కు వచ్చే ఏడాదితో డిగ్రీ అయిపోతుంది. ఇంట్లో వద్దంటున్నా ఆడుతున్న పిల్ల.

"మేమేం తప్పు చేసినాం మేడం? సంతకం పెట్టింది మీరు గదా," అంది. కోపంగా కూడా అనలేదు.

"అవునమ్మా, తప్పు నాదే."

"మరి మమ్మల్ని ఎందుకు ఆడొద్దంటారు?"

జవాబు ఉంది. జట్టంటే కాలేజీ, కాలేజీ తప్పు చేస్తే కాలేజీకే శిక్ష. ఆ మాట ఆ పిల్ల మొహం చూసి చెప్పలేకపోయాను. గోల్‌కీపర్ అందరి వెనక నిలబడి ఉంది.

"నేను ఆపినవి గూడా లేనట్టేనా మేడం?"

"రికార్డులో లేనట్టే."

"ఆడ ఉన్నోళ్ళందరూ చూసినారు గదా," అని తల వంచుకుంది.

కప్పు నేనే తీసుకుపోయాను. పాత చీర చుట్టి, సంచిలో పెట్టుకుని ఎమ్మిగనూరు బస్సెక్కాను. దారంతా ఒడిలోనే పెట్టుకున్నాను. అక్కడి పీడీ తన గదిలో కూర్చోబెట్టి టీ తెప్పించాడు. ఇద్దరం ఎండల గురించి, రిటైరయ్యే సంవత్సరాల గురించి మాట్లాడాం. ఆయన కప్పు బయటికి పంపగానే పిల్లలు కేకలు వేశారు, ఈలలు వేశారు. "అట్ల అరవద్దండప్పా, మేడం లోపల ఉంది" అని ఆయన లేవబోయాడు.

"అరవనీయన్నా," అన్నాను. నిజంగానే ఆ పిల్లల మీద నాకు ఏమీ లేదు. వాళ్ళూ ఎండలో పరుగెత్తినవాళ్ళే. త్వరగా ఇల్లు చేరి పడుకోవాలని తప్ప ఇంకేమీ అనిపించలేదు.

ఆ మరుసటి నెలలో ఉత్తర్వు వచ్చింది. ఆ పిల్లను మళ్ళీ చేర్చుకున్నారు. ఆడకూడని ఏడాది సాయంత్రాలు మొదట పదిమంది వచ్చేవారు, తరువాత ఐదుగురు, తరువాత కెప్టెన్ ఒక్కతే. ఆమె ఒంటరిగా గోడకు బంతి కొట్టుకుంటుంటే నేను కుర్చీలో కూర్చునేదాన్ని. పరీక్షలు దగ్గరపడ్డాక ఆమె కూడా రావడం మానేసింది. పోయేటప్పుడు చెప్పి పోయింది, అంతే చాలనుకున్నాను.

జట్టు మీద నిషేధం తీరాక గోల్‌కీపర్‌ను పిలిపించాను. అప్పటికి ఆమె చివరి సంవత్సరంలో ఉంది, పేరు రోల్సులో ఉంది, అడ్డేమీ లేదు.

"వద్దు మేడం. నేను నిలబడితే మళ్ళా ఎవరన్నా ఏమన్నా రాస్తారేమో అని భయం."

"ఎవరూ రాయరమ్మా."

"తెలుసు మేడం. అయినా వద్దు."

బలవంతం చేయలేదు. డిగ్రీ పూర్తి చేసింది, ఇప్పుడు కోసిగిలో ఒక ప్రైవేటు బడిలో చిన్న పిల్లలకు చదువు చెబుతోంది. వాళ్ళమ్మ ఇంకా సుగ్గికి పోతూనే ఉంది.

ఇప్పుడు మా గోలు దగ్గర ఒక కొత్త పిల్లను నిలబెట్టాను. పొడుగు మనిషి, కానీ బంతి వచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకుంటుంది. రోజూ సాయంత్రం పది అడుగుల దూరం నుంచి చేత్తో మెల్లగా విసురుతున్నాను. "తెరువమ్మా, కళ్ళు తెరువు" అంటాను. నిన్న ఇరవైలో నాలుగు పట్టింది.