పీతలా తూచి కొన్న కెమెరా

మా ఇంట్లో ఉన్న ఫొటోలన్నిట్లోనూ అమ్మ కళ్ళు మూసుకునే ఉంటుంది. పెళ్ళి ఫొటోలో, నా అన్నప్రాసన ఫొటోలో, ఆఖరికి రేషన్ కార్డు మీద కూడా. రీలు కడిగించుకుని వచ్చేదాకా ఆ సంగతి తెలిసేది కాదు, తెలిశాక చేసేదేమీ ఉండేది కాదు. అందుకే నేను పదో తరగతి ఫస్ట్ క్లాసులో పాసై, తీసిన ఫొటో అప్పటికప్పుడే కనబడే డిజిటల్ కెమెరా కావాలని అడిగితే, అమ్మ ఒక షరతు పెట్టింది.

"పొటోలో నా కళ్ళు తెరిసి పడితేనే ఆ డబ్బా మనింట్లో ఉంతాది. నేదంటే ఎక్కడ కొన్నామో అక్కడే ఇచ్చేద్దుం."

సరే అనేశాను. ఆ వయసులో కెమెరా కోసం దేనికైనా సరే అనేదాన్ని.

రెండువేల ఆరో ఏడో, ఎండాకాలం సెలవులు. అమ్మ ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపలమ్మేది. ఒక శనివారం బుట్ట ఖాళీ కాగానే ఇద్దరం డాబాగార్డెన్స్‌లో కెమెరాల షాపుకెళ్ళాం. ఆ షాపాయన ప్రతి ఆదివారం అమ్మ దగ్గరే చేపలు కొంటాడు, అందుకని మర్యాదగా కుర్చీలు వేయించాడు. మా స్తోమతకు తగ్గవి రెండే ఉన్నాయన్నాడు. ఒకటి వెండిరంగులో, జేబులో పట్టేంత సన్నగా ఉంది. రెండోది నల్లగా, లావుగా, ఒక పక్క ఉబ్బి ఉంది. రెండూ అయిదు మెగాపిక్సెళ్ళే. నా ప్రాణం వెండిదాని మీదే ఉంది. దాంతో కాలేజీకి వెళ్తే నా స్నేహితురాళ్ళ మొహాలు ఎలా ఉంటాయో కూడా ఊహించేసుకున్నాను.

అమ్మ చెరో అరచేతిలో ఒకటి పెట్టుకుని మెల్లగా ఎగరేసి చూసింది. పీతలు కొనేటప్పుడు అమ్మ సరిగ్గా ఇలాగే చేస్తుంది. రెండు పీతలు ఒకే సైజులో ఉన్నా, తేలికదాన్ని డొల్ల అని పక్కన పడేస్తుంది.

"నల్లదే తీసుకోయే. తెల్లదాంట్లో కండ నేదు," అంది.

షాపాయన పగలబడి నవ్వి, నల్లదాని అడుగున మూత తీశాడు. రెండు పెన్సిల్ సెల్లులు అమ్మ చేతిలో పడ్డాయి. "బరువంతా వీటిదేనమ్మా!"

నాకు తల కొట్టేసినట్టయింది. అమ్మ మాత్రం ఏ మాత్రం తగ్గలేదు. "కండ తీసేసినాక ఏ పీతైనా తేలికే కదేటి బాబూ?"

ఆయన నవ్వు ఆపేశాడు. "అదీ నిజమే. తెల్లదానికి చార్జింగ్ అయిపోతే కరెంటొచ్చేదాకా కూర్చోవాలి. దీనికైతే ఏ కిరాణా కొట్లోనైనా సెల్లులు దొరుకుతాయి." మా పేటలో కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో ఆ దేవుడికే తెలియాలి. నల్లదే కొన్నాం. అమ్మ షరతు విని ఆయన, పెట్టె జాగ్రత్తగా ఉంచమనీ, వద్దనుకుంటే రేపు చేపలకొచ్చినప్పుడు తనే పట్టుకుపోతాననీ చెప్పాడు.

బస్సెక్కేదాకా మూతి ముడుచుకునే ఉన్నాను. సీట్లో కూర్చుని బటన్ నొక్కితే లెన్సు జుయ్యిమని బయటికొచ్చింది. అంతే, వెండిదాన్ని అక్కడికక్కడే మర్చిపోయాను.

సాయంత్రం అమ్మను గుమ్మం దగ్గర నిలబెట్టి పదిహేడు ఫొటోలు తీశాను. ఫ్లాష్ వేసి తీశాను, ఆపి తీశాను. ఒకటి, రెండు, మూడు అనగానే, మూడు దగ్గర అమ్మ కళ్ళు టక్కున మూతపడేవి. "నాను తెరిసే ఉంచాను కదే!" అని అమ్మ నాకంటే ఎక్కువ కంగారుపడింది. చివరికి విసుగొచ్చి, కెమెరా పెట్టెలో సర్దేయమంది. నాకు అన్నం సయించలేదు.

పొద్దున్నే కెమెరా మెడలో, పెట్టె సంచీలో వేసుకుని అమ్మతో పాటు హార్బర్‌కెళ్ళాను. నాకు మిగిలింది షాపాయన వచ్చేదాకా ఉన్న టైమే. ఇంతలో ఒకావిడ కోనెం చేపను సగం ధరకి అడిగింది. అమ్మ కత్తి పట్టుకునే లేచి నిలబడింది. "ఏటీ? కోనేన్ని ఆ రేటుకా? సముద్రంలో దిగి నువ్వే పట్టుకో తల్లీ!"

ఒకటీ రెండూ అనకుండా నొక్కేశాను.

తెర మీద చూసి కెవ్వుమన్నాను. "అమ్మా! కళ్ళు తెరిసే ఉన్నాయే!" పెద్ద పెద్ద కళ్ళు, బుగ్గ మీద మెరిసే చేప పొలుసు, కోపంతో ఎర్రబడ్డ ముఖం. మా అమ్మ ఇంత అందగత్తె అని నాకు అప్పటిదాకా తెలియదు. 

అమ్మ చేతులు చీరకి రెండుసార్లు తుడుచుకుని కెమెరా అందుకుంది. బేరమాడుతున్న ఆవిడ, సరే నువ్వు చెప్పిన రేటే ఇస్తానన్నా తెర మీంచి కళ్ళు తిప్పలేదు.

"నాను బాగానే ఉన్నానే," అంది నెమ్మదిగా, ఆ మాట ఇంకెవరో చెబుతుంటే నమ్మలేనట్టుగా.

అప్పుడే షాపాయన సంచీ పట్టుకుని వచ్చాడు. "ఏమ్మా, ఉంచుకుంటారా, నన్ను పట్టుకుపొమ్మంటారా?"

అమ్మ ఆయనకేసి చూడనేలేదు. నన్ను భుజం పట్టి బుట్ట పక్కన నిలబెట్టి, కెమెరా నా వైపు తిప్పింది.

"కదలకు గుంటా. ఏటి నొక్కాలో సెప్పు."