బావగారు విన్న గుర్రప్పందేలు

నేను బాగన్ దాతుక్ కొబ్బరితోటల నుంచి సుంగై సుమున్ తోటకు కోడలిగా వచ్చేనాటికి మలయాలో ఎమర్జెన్సీ నడుస్తోంది, అడవుల్లోని కమ్యూనిస్టుల మీద తెల్లదొరల యుద్ధం. తోట చుట్టూ ముళ్ళకంచె, గేటు దగ్గర సోదా, చీకటి పడితే గడప దాటకూడదు. మా ఆయన తోట ఆఫీసులో గుమాస్తా. ఇంట్లో మేమిద్దరం, చూపు లేని మా బావగారు.

వయసులో ఉండగా బావగారు ఈపో పట్నంలో పందెపు గుర్రాలను సాకేవారు. ఓ గుర్రం తన్నిన దెబ్బ నుదుటికి తగిలి రెండు కళ్ళూ పోయాయి. పెళ్ళి కాలేదు. తమ్ముడి దగ్గరికొచ్చి ఉండిపోయారు. ఆ గుర్రాన్ని ఆయన తిట్టగా నేనెప్పుడూ వినలేదు. "బెదిరిపోనాది. దాని తప్పేటి?" అనేవారు.

తమ్ముడి భార్య బావగారి ఎదుట కూర్చోకూడదు. ఆయన చూడలేరని తెలిసినా కొంగు సవరించుకున్నాకే ముందుగదిలోకి వెళ్ళేదాన్ని. మా మధ్య మాటలంటే, "అన్నం పెట్టమంటారా?" "పెట్టమ్మా." అంతే.

పందెం ఉన్న శనివారాలు మధ్యాహ్నం రేడియో పెట్టేవారు. వ్యాఖ్యాత ఊపిరి తీసుకోకుండా ఇంగ్లీషులో చెప్పుకుపోయేవాడు. ఏ గుర్రం ముందుంది, ఏది వెనకబడింది, వాన పడి నేల ఎంత మెత్తబడింది, అన్నీ. గుర్రాల దగ్గర నేర్చిన ఇంగ్లీషుతో బావగారు విని, తెలుగులో పైకి అనేవారు. వంటింటి గుమ్మం వెనక నిలబడి నేనూ వినేదాన్ని. నా కోసమే అంటున్నారని చాలాకాలం నాకు తెలీదు.

ఓ శనివారం సరిగ్గా పందెం మధ్యలో సోదాకి సిపాయిలు వచ్చారు. నేను గుమ్మం వెనక్కి తప్పుకున్నాను. బావగారు మాత్రం అడుగుల చప్పుడు వైపు చెయ్యెత్తి, "ఒక్క నిమిసం" అన్నారు, ఇంగ్లీషులో. ముందున్న తెల్లకుర్రాడు తుపాకీ కిందికి దించి, గుర్రాలు గీత దాటేదాకా అలాగే నిలబడి విన్నాడు. తర్వాత మా బియ్యం డబ్బా, పరుపులు అన్నీ తిరగేసి వెళ్ళిపోయాడు.

మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చింది. కంచెలు తీసేశారు. కొన్నేళ్ళకు మా ఆయనకు కౌలాలంపూర్‌లో ఉద్యోగం దొరికి అక్కడికి మారాం. టీవీలు వచ్చిన కొత్తలోనే ఒకటి కొన్నారు. "అన్నియ్యా, ఇకమీద పందెం ఇంట్లోకే వచ్చేస్తాది" అన్నారు మా ఆయన సంబరంగా.

ఎప్పుడో ఓసారి పెద్ద పందెం చూపించేవారు. మొదటిసారి బావగారు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నారు. గుర్రాలు బయల్దేరాయి. వ్యాఖ్యాత రెండు పేర్లు చెప్పి ఊరుకున్నాడు. బొమ్మ కనిపిస్తుంటే ఇక చెప్పేదేముంది అనుకున్నాడేమో. గిట్టల చప్పుడు, జనం కేకలు, అంతే.

"ఆడు మాటాడ్డేటి? పెట్టె పాడైనాదేటి?" అన్నారు బావగారు.

మా ఆయన ఆఫీసుకు వెళ్ళి ఉన్నారు. నేను వంటింట్లోంచి వచ్చి, మొదటిసారి ఆయన పక్కన నేలమీద కూర్చున్నాను.

"నల్లది ముందుందండి."

"నల్లది గుర్రమా, మీదోడి సొక్కావా?"

"గుర్రమేనండి."

ఆయన నవ్వారు. ఆ తర్వాత ప్రతి పందేనికీ నేనే వ్యాఖ్యాతను. చెవులు ఎలా పెట్టింది, మెడ చాచిందా, నురగ కక్కుతోందా, ఏం చూడాలో ఆయనే నేర్పారు. ఆయనతో అన్ని మాటలు మాట్లాడింది ఆ ఏళ్ళలోనే.

ఒకరోజు మలుపు దగ్గర ఓ గుర్రం పడిపోయింది. ముందుకాలు విరిగి వేలాడుతోంది. లేవబోయి మళ్ళీ కూలబడింది.

"ఏటమ్మా? జనం అలా అరిసినారేటి?"

"ఏం లేదండి. గట్టి పోటీ."

"ఒకటి పడిపోనాది గదా?"

"లేదండి, అన్నీ వచ్చేశాయి."

ఆ తర్వాతి పందెం రోజున టీవీ పెట్టమంటారా అంటే, "వద్దమ్మా, తలనొప్పిగా ఉన్నాది" అన్నారు. ఆ తర్వాతా అదే మాట. ఆయన బాధపడకూడదనే అబద్ధమాడానని నాకు నేను సర్దిచెప్పుకుంటూ రెండేళ్ళు గడిపాను.

ఆయన జబ్బుచేసి ఆసుపత్రిలో ఉన్నప్పుడు, గంజి తాగిస్తూ చెప్పాను. "బావగారండీ, ఆ రోజు ఒకటి పడిందండి."

"తెలుసు. లేసినాదా?"

"లేవలేదండి. తెర అడ్డం పెట్టి చంపేశారు."

ఆయన మొహం నావైపు తిప్పారు. "ఏ రంగు?" అన్నారు.

"టీవీలో ముదురుగా కనిపించిందండి. నుదుటిమీద తెల్లమచ్చ."

"అప్పుడే సెప్పుంటే నానూ దానికోసం ఏడిసీవోడిని గదమ్మా" అన్నారు. చూపులేని కళ్ళలోంచి నీళ్ళు కారాయి. నేను గిన్నె పక్కన పెట్టి ఆయన చెయ్యి పట్టుకున్నాను. నాలుగు రోజులకు పోయారు.