తాడు తడిసిందా అండీ?

మా కొత్తపేట పశువుల ఆసుపత్రిలో చేసి రిటైరైన కాంపౌండరు గారు, కుక్కపిల్ల కావాలని ఎవరు వెళ్లినా ముందు ఓ కొబ్బరితాడు చేతిలో పెట్టేవారు.

నేను వెళ్లిననాడు నా కాళ్లు నేలమీద లేవు. ఫోనులో హస్కీ బొమ్మ చూపించాను.

"ఆయ్, బాగుందండీ. మంచులో తిరిగే జీవం, మన ఉక్కకి రోజంతా ఆయాసపడుద్దండీ," అన్నారు.

"పోనీ లాబ్రడార్ అండీ?"

"ఇంట్లో మనిషైపోద్దండీ. కానీ పెట్టిందల్లా తినేస్తది, తిప్పకపోతే పీపాలా అయిపోద్ది. ఈ తాడు పట్టుకుని పదిరోజులు పొద్దున్నే కాలువగట్టు మీద నడవండి. అప్పుడు పిల్లని నేనే ఇప్పిస్తాను."

ఖాళీతాడుతో నడిచాను. "కుక్కేదండీ?" అని ఎదురైన ప్రతివాళ్లూ అడిగేవారు. "వచ్చేస్తోందండీ!" అనేవాణ్ణి గొప్పగా.

పదోరోజు పొద్దున్నే జోరువాన. దుప్పటి తీయలేదు. వాన వెలవగానే ఏమీ ఎరగనట్టు తాడు తీసుకుని వెళ్లాను. ఆయన నా మొహం చూడలేదు. తాడుని రెండు వేళ్లతో నలిపి నవ్వేరు.

"పొడిగా ఉందండీ. మళ్లీ మొదట్నించీ!"

సిగ్గుతో చెవులు వేడెక్కాయి. మర్నాడే మళ్లీ మొదలుపెట్టాను, ఈసారి పదిరోజులూ నడిచాను. ఆయన మాట నిలబెట్టుకున్నారు.

ఆయనిప్పుడు రాజమండ్రిలో కూతురి దగ్గరుంటున్నారు. ఇవాళ కుండపోత వానలో మా లాబ్రడార్ నన్ను గట్టు పొడవునా ఈడ్చుకుపోతుంటే, సంతోషం పట్టలేక ఆయనకి వీడియోకాల్ చేశాను.

"చూడండి, ఎంత ఎదిగిందో!" అని అరిచాను.

"కుక్క సరేనండీ, ముందు తాడు చూపించండి!"