కొలతల మధ్య నేర్చిన పద్యం

మా చిన్నప్పుడు తెనాలిలో మా అబ్బా కొట్టుకి రాజులు రైల్లో వచ్చేవాళ్లు... రేపల్లె నుంచి ఒక రాజు, బాపట్ల నుంచి ఇద్దరు మంత్రులు, ఒక్కోసారి వేమూరు నుంచి బస్సులో రాణిగారు, మీసాలతో సహా! నాన్నని మేం అబ్బా అని పిలిచేవాళ్లం. ఆయన నాటకాల డ్రస్సులు కుట్టే టైలరు.

పద్యనాటకాల వాళ్లకి ఒక పద్ధతి ఉండేది. కోటు తొడుక్కుని అద్దంలో చూసుకుని వెళ్లిపోతే కుదరదు, పాడి చూడాలి. రాగం అందుకున్నప్పుడు ఛాతీ పొంగుతుంది, చెయ్యి పైకి లేస్తుంది... అప్పుడు చంకల దగ్గర పట్టేస్తే స్టేజీ మీద పరువు పోతుంది. అందుకని ప్రతి నటుడూ కొట్లో నిలబడి ఒక పద్యం మొత్తం పాడేవాడు. అబ్బా నోట్లో గుండుసూదులు పెట్టుకుని, చుట్టూ తిరుగుతూ, సుద్దతో గుర్తులు పెట్టేవాడు.

నేను వెనక తెర చాటున కూర్చుని తలపాగాలకి చమ్కీలు కుట్టేదాన్ని. తెర సందులోంచి చూస్తూ, వింటూ... పదకొండేళ్లకే ఇరవై పద్యాలు వచ్చేశాయి. ఎవరూ నేర్పలేదు. బియ్యం కడుగుతూ రాగం తీస్తే అమ్మీ మాత్రం "ఏంటే ఆ అరుపులు" అని కసిరేది.

ఆ ఏడాది ఊళ్లో నాటక సమాజం వాళ్లు కొత్త సంగీత నాటకం తలపెట్టారు. అందులో చిన్న రాకుమారుడి వేషం ఉందట... రెండు పద్యాలట. ఆడిషన్ అనే మాట మాకు తెలియదు. "ఆదివారం గొంతులు చూస్తాం, పిల్లల్ని పంపండి" అని కబురు పెట్టారు, అంతే. రాకుమారుడైతే మాత్రం ఏంటి, గొంతుకి ఆడా మగా ఏముంది అనుకున్నాను. నాకు ఆ వేషం కావాలి... అన్నం సహించనంతగా కావాలి.

అబ్బా వద్దనలేదు. కానీ ఒక షరతు పెట్టాడు.

"వాళ్లంతా మన కొట్టుకొచ్చేవాళ్లమ్మా. నా మొహం చూసి వేషం ఇస్తే అది నీకిచ్చినట్టు కాదు. నా పేరు చెప్పకు. గొంతు నచ్చితే తీసుకుంటారు, లేకపోతే ఇంటికొచ్చెయ్."

ఆదివారం స్కూలు హాల్లో పదిమంది పిల్లలం చేరాం. ఎదురుగా రేపల్లె హార్మోనియం మాస్టారు. కొట్టుకి ఎన్నోసార్లు వచ్చిన మనిషే, కానీ తెర చాటున ఉండే నన్ను ఎప్పుడూ చూడలేదు.

"పేరేంటమ్మా?"

"షమీమండి."

"ఎవరమ్మాయివి?"

అబ్బా పేరు చెప్పకూడదు కదా! "మా... మా అమ్మగారి అమ్మాయినండి" అన్నాను. పిల్లలంతా గొల్లుమన్నారు. మాస్టారు మాత్రం "సరే, శ్రుతి ఇస్తున్నా, పాడు" అన్నారు.

మొదటి పాదం ఎత్తుకున్నాను. బాగానే వచ్చింది. మాస్టారి వేళ్లు మెట్ల మీద చురుగ్గా కదిలాయి... రెండో పాదానికి నా చేతులు రెండూ వాటంతటవే పక్కలకి లేచి నిలబడిపోయాయి. కొట్లో అక్కడికొచ్చేసరికి అబ్బా చంకల కింద టేపు పెట్టేవాడు మరి! మూడో పాదం మధ్యలో, అబ్బా సుద్దతో గీత గీసేంత సేపు ఆగి, మళ్లీ అందుకున్నాను. నాలుగో పాదానికి నిదానంగా వెనక్కి తిరిగి, మాస్టారికి వీపు చూపించి, గోడకి పాడాను. పద్యమంటే అలాగే పాడాలని నేను నిజంగానే అనుకున్నాను.

పూర్తయ్యాక తిరిగి చూస్తే మాస్టారు హార్మోనియం మీద తల ఆనించి పడీపడీ నవ్వుతున్నారు.

"ఓరి భగవంతుడా... వీపు కొలత కూడా ఇచ్చేసింది! నువ్వు మన టైలరు గారి అమ్మాయివి కదూ?"

కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇప్పుడు వేషం ఇచ్చినా అబ్బా ఒప్పుకోడు. "నేను చెప్పలేదండి... మా అబ్బా చెప్పొద్దన్నాడండి" అంటూ ఏడ్చేశాను. ఎందుకొద్దన్నాడో కూడా వెక్కుతూనే చెప్పాను.

మాస్టారు నవ్వు ఆపారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మీ కొట్లో ఎవరూ పాడని పద్యం ఒకటుంది. నిన్ననే రాగం కట్టా. అందరికీ కలిపి మూడుసార్లు వినిపిస్తా. అందరూ పాడండి. వేషం ఎవరికివ్వాలో పిల్లలు మీరే చెప్పండి. మీరెవరూ టైలరు గారి దగ్గర డ్రస్సులు కుట్టించుకోరు కదా!" అన్నారు.

నా వంతు వచ్చింది. ఎందుకైనా మంచిదని చేతులు వెనక్కి కట్టుకున్నాను. మాస్టారినే చూస్తూ పాడాను. అది నాకు అలవాటైన పద్యం కాదు... ఎక్కడ ఆగాలో, ఎంతసేపు రాగం తీయాలో అన్నీ నా ఇష్టమే. అంత హాయిగా అంతకుముందెప్పుడూ పాడలేదు.

ఎనిమిది వేళ్లు నావైపు లేచాయి. తొమ్మిదో అబ్బాయి ముందు తనవైపే చూపించుకుని, తర్వాత మొహం ముడుచుకుంటూ వేలు నావైపు తిప్పాడు.

ఇంటికెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. అబ్బా మిషను ఆపి విన్నాడు. "పిల్లలే చెప్పారా? మాస్టారు కాదా?" అని రెండుసార్లు అడిగాడు. అవునన్నాక లేచి బయటికెళ్లి, పక్క కొట్టు దగ్గర టీ తాగుతున్న వాళ్లందరికీ "మా అమ్మాయికి వేషం వచ్చిందండి" అని పేరు పేరునా చెప్పుకున్నాడు.

మొన్న మా అమ్మాయి ఓ సంగీత నాటకానికి ఆడిషన్ వీడియో పంపింది. గది తలుపేసుకుని పద్నాలుగుసార్లు తీసి, తప్పులున్నవన్నీ చెరిపేసి, ఒక్కటి పంపింది. బాగా పాడింది... వస్తుందనే నా నమ్మకం. కానీ ఆ పదమూడు తప్పులూ ఎవరూ చూడలేదు. చూసి కడుపారా నవ్వి, "ఏదీ, ఇంకోసారి పాడమ్మా" అనడానికి దాని ఎదురుగా ఎవరూ లేరు. మాకు ఆ మనుషులు ఉండేవాళ్లు...

మీకూ ఉండే ఉంటారు కదండీ? వాళ్ల గురించి కింద రాయండి. నాటకం వాళ్ల జవాబు వచ్చేదాకా మా అమ్మాయికి చదివి వినిపిస్తాను...