మలావి మడిలో పార చప్పుడు

ముందే చెప్పేస్తున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బుంది. తెనాలి నుంచి రేపల్లె దాకా రైల్లో నిలబడి వెళ్తే, దిగేసరికి దాన్ని ఢిల్లీ ప్రయాణం చేసేస్తాను. మా ఆవిడ నా మాటల్ని సగానికి కోసి, ఆ సగంలో సగం నమ్ముతుంది. మీరూ అలాగే కానివ్వండి. దయ్యాల గురించి మాత్రం ఎన్నడూ ఒక్క ముక్క పెంచలేదు. లేనిదాన్ని ఏం పెంచుతాం? బాపట్లలో వ్యవసాయం చదివి, తెనాలిలో నీటి మోటార్ల కొట్టు పెట్టుకున్నవాణ్ణి. కంటికి కనపడని శక్తుల్లో నేను నమ్మింది కరెంటు ఒక్కటే.

నిరుడు మా బావమరిది సత్యం నన్ను ఆఫ్రికాలోని మలావికి తీసుకెళ్లాడు. వాడి సొంతూరు రేపల్లె, ఉద్యోగం మాత్రం మలావిలో, ఒక బియ్యం మిల్లులో మేనేజరు. ఆ మిల్లు దగ్గరి పల్లెలో ఊరంతా కలిసి చేసే పొలానికీ, పక్కనున్న బడికీ అక్కడి మనవాళ్లు కొందరు సాయం చేస్తున్నారు. వరి నాటారట, నీళ్లు నిలవడం లేదట, ఒక్కసారి చూడమన్నాడు. దారి ఎలా ఉందంటే, జీపు దిగేసరికి నా కిడ్నీలు రెండూ ఒకే పక్కన ఉన్నాయి. దోమలు పిచ్చుకలంతేసి. ఒకటి నా కళ్లజోడు పెట్టుకుని చూసిందని ఇప్పటికీ అనుమానం.

బడి హెడ్‌మిస్ట్రెస్ పేరు గ్రేస్. మధ్యాహ్నం పిల్లలు ఆకలితో ఇంటికి పోతారు, సగం మంది మళ్లీ రారు. వరి పండితే బడిలోనే అన్నం పెట్టొచ్చని ఊరిపెద్దల్ని బతిమాలి ఆ ఊరి పొలంలో ఎకరం మడి తీసుకుంది. నాట్లయితే పడ్డాయి గానీ, వాగులోంచి మోటారుతో తోడిన నీళ్లు తెల్లారేసరికి మాయం. ఇది ఇసుక నేల, వరి మనకు అచ్చిరాదు అని పెద్దలు తేల్చేశారు. ఆదివారం దాకా చూస్తారు. అప్పటికీ నీళ్లు నిలవకపోతే దున్నేసి, ఎవరి ముక్క వాళ్లు తీసుకుని మొక్కజొన్న వేసుకుంటారు.

సత్యం నా చెవి దగ్గరికొచ్చి, "కృష్ణా కాలవంతా మీ చేత్తోనే పారించినట్టు చెప్తారుగా బావా. ఈ ఎకరం తడిపి చూపించండి చాలు" అన్నాడు.

మట్టి పిసికి చూశాను. ముద్ద కట్టింది. ఇసుక కానే కాదు. అంటే గట్టుకి ఎక్కడో బొక్క పడింది. రెండు రోజులు మడి చుట్టూ బురదలో కాళ్లతో తడిమాను. దొరకలేదు. నాటిన మొక్కలు పసుపు రంగుకి తిరిగాయి. గ్రేస్ నన్నేమీ అడగడం మానేసింది.

శనివారం మధ్యాహ్నం. సత్యం డీజిలు కోసం టౌనుకి పోయాడు. ఊరివాళ్లు భోజనాలకి వెళ్లారు. పారలన్నీ తరగతి గదిలో పెట్టి తాళం వేశారు. ఎండ చురచురమంటోంది. నేను గట్టు మీద ఒక్కణ్ణే ఉన్నాను.

చప్పుడు వినపడింది. రెండు దెబ్బలు. కాస్త ఆగి, ఇంకొకటి.

పార బోర్లా తిప్పి గట్టుకి బురద మెత్తే చప్పుడది. వేమూరులో మా బాబాయి అలాగే మెత్తేవాడు. రెండు దెబ్బలు కొట్టి, కారుతోందేమోనని వంగి చూసి, అప్పుడు మూడోది. చిన్నప్పుడు అన్నం క్యారేజీ తీసుకెళ్తే, ఆ చప్పుడు పట్టుకునే పొలంలో ఆయన్ని వెతుక్కునేవాణ్ణి. ఆయన పోయి అప్పటికి ఏడాది దాటింది.

అవతలి చివర రెల్లు దుబ్బుల్లోంచి మళ్లీ వచ్చింది. రెండు, ఆగి, ఒకటి. నేను ధైర్యంగా అటు నడిచాను. ఇంతలో గ్రేస్ బడిలోంచి గబగబా వచ్చింది.

"పార ఎవరికిచ్చారు సార్? తాళంచెవి నా దగ్గరే ఉందే" అంది.

అంటే ఆమెకీ వినపడింది.

రెల్లులో మనిషి లేడు, అడుగు జాడా లేదు. కాలు పెట్టి చూస్తే మోకాలి దాకా దిగబడింది. ఎండ్రకాయ తొలిచిన బొక్క. నీళ్లన్నీ గట్టు కిందుగా వాగులోకి జారిపోతున్నాయి. గడ్డీ బంకమన్నూ కూరి, పైన మెత్తాం. సాయంత్రం మోటారు వేశాం.

ఆదివారం పెద్దలొచ్చేసరికి మడి నిండా నీళ్లున్నాయి. ఒకాయన చెప్పులు విడిచి మధ్యలోకి నడిచి, అక్కడే నిలబడి నవ్వడం మొదలుపెట్టాడు. దున్నే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఎండకి ఏ చెట్టుకొమ్మో విరిగి ఉంటుందన్నాడు సత్యం. కాకపోతే ఏదో పిట్ట అన్నాడు. ఆగి వంగి చూసే పిట్ట ఉంటుందా? తిరిగొచ్చాక వేమూరు వెళ్లి పిన్నికి చెప్పాను. గోంగూర వలుస్తోంది, తల కూడా ఎత్తలేదు.

"గట్టు కారుతోందంటే మీ బాబాయికి ముద్ద దిగేది కాదు నాయనా. ఎవరి మడైతే ఏంటి?" అంది.

పంట చేతికొచ్చింది. గ్రేస్ వీడియో పంపింది. వరండా పొడుగునా పిల్లలు, ఒళ్లో కంచాలు, కంచాల్లో అన్నం. ఎన్నిసార్లు చూశానో. ఆ చప్పుడేమిటో మాత్రం ఇప్పటికీ తెలియదు.

దోమల్నీ కిడ్నీల్నీ మీరు ఈపాటికి కోసేసుకునే ఉంటారు. చప్పుడు జోలికి మాత్రం పోకండి, అది ఉన్నదున్నట్టే చెప్పాను. నేను కల్పించింది ఇంకొకటి. ధైర్యంగా అటు నడిచానన్నాను చూడండి, అది. రెల్లులోకి వెళ్లింది గ్రేస్. బొక్కలో దిగింది ఆమె కాలు. నేను ఉన్నచోటే గట్టు మీద కూలబడి, బాబాయ్ బాబాయ్ అంటూ చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాను.